పిన్ని సముద్ర స్నానం

వరి పొలాల వాసన స్పెయిన్‌లో నన్ను పట్టుకుంటుందని అనుకోలేదు. సముద్రపు ఒడ్డు వదిలి లోపలి ఊరికి పోయే దారిలో మా మనవరాలు మైత్రి కారు అద్దాలు దించింది. ఎడమపక్క నీళ్ళు నిలిచిన పొలాలు, మోకాలెత్తు పైరు, ఎండకు వెచ్చబడిన బురద, పచ్చి ఆకు, వీటన్నిటి మీదుగా పలచగా ఉప్పుగాలి. వెనక సీట్లో మా పిన్ని కళ్ళు మూసుకుని ఉంది. నిద్రపోతోందనుకున్నాను. "బందరు రోడ్డేనా ఇది?" అంది కళ్ళు తెరవకుండా. తప్పు వినబడితే దిద్దకుండా ఊరుకునే అలవాటు నాకు లేదు. కాని ఆ మధ్యాహ్నం ఏమీ అనలేదు. ఆ వాసన అబద్ధం చెప్పడం లేదు మరి.

అమెరికాలో మా ఊరు అరోరాకి తిరిగి వచ్చి, పెట్టెలు అటక ఎక్కించి, ఇప్పుడు వంటింటి బల్ల ముందు కూర్చుని రాస్తున్నాను. కిటికీ బయట పక్కింటివాళ్ళు లాన్ కోస్తున్నారు. ఇల్లినాయిలో ఎటు ఎంత దూరం పోయినా మొక్కజొన్నే తప్ప సముద్రం రాదు. నా ఉద్యోగమంతా కౌంటీ ఆఫీసులో ఇతరుల పద్దులు సరిచూడడంలో గడిచింది. రిటైరయ్యాక మా గుడివాళ్ళు ఏటా అచ్చువేసే క్యాలెండర్‌లో తిథులు సరిచూసే పని కూడా నా మీదే పడింది. ఇండియా పంచాంగం ఇక్కడ పనికిరాదనీ, ఊరు మారితే సూర్యోదయం మారుతుందనీ, దాంతో పండుగ ఒక రోజు అటో ఇటో జరుగుతుందనీ ఎంతమందికి ఫోనులో చెప్పానో. విసుక్కున్నవాళ్ళూ ఉన్నారు. ఇంత ఖచ్చితం దేనికి ఆంటీ, దేవుడు అడ్జస్ట్ అవుతాడులెండి అన్న ఇంజనీరు కుర్రవాడూ ఉన్నాడు. దేవుడి సంగతి నాకు తెలియదు. నేను మాత్రం అడ్జస్ట్ అయ్యే ఇంట్లో పెరగలేదు.

ఆ ఇల్లు బందరులో మా తాతయ్యది, అమ్మ పుట్టిల్లు. నాన్నది రైల్వే ఉద్యోగం, ఊరూరా బదిలీలు. చదువు పాడవుతుందని నన్ను తాతయ్య, అమ్మమ్మల దగ్గర వదిలారు. ఆ ఇంట్లో పెళ్ళికాకుండా మిగిలిన ఆడపిల్ల మా అమ్మ చివరి చెల్లెలు కామేశ్వరి పిన్ని. నాకంటే ఏడేళ్ళు పెద్ద. ఇద్దరికీ ఒకే మంచం, ఒకే దుప్పటి. అద్దం కూడా ఒకటే. దాంట్లో ముందు ఆమె మొహం, ఆమె తప్పుకున్నాక నా మొహం. ఇప్పుడు ఆమె న్యూజెర్సీలోని పార్సిప్పనీలో కొడుకు శంకరం దగ్గర ఉంటుంది. రోజూ సాయంకాలం ఫోన్ చేసి, హలో అనకుండా, ఇవాళ తిథి ఏమిటే అని మొదలుపెడుతుంది. మిగతా కబుర్లన్నీ ఆ తర్వాతే.

సముద్రానికి దగ్గరగా ఉన్న ఊళ్ళో ఏదీ పూర్తిగా పొడిగా ఉండదు. మా వంటింట్లో ఉప్పు జాడీ ఎప్పుడూ చెమ్మగిల్లి ఉండేది. వేయించిన అప్పడం పళ్ళెంలోకి వచ్చే లోపల మెత్తబడేది. అగ్గిపెట్టెలను అమ్మమ్మ బియ్యం డబ్బాలో దాచేది, లేకపోతే వెలగవు. కిటికీ ఊచలు ఎన్నిసార్లు రంగు వేసినా తుప్పు పొరలు పొరలుగా లేచి, వాటిని పట్టుకుని వీధి చూసిన మా అరచేతులు ఎర్రగా అయ్యేవి. తెల్లవారేసరికి అమ్మమ్మ కాఫీ గింజలు వేయించే వాసన, తాతయ్య ముక్కుపొడుం వాసన, తడి మడిచీర దండెం మీద ఆరుతున్న వాసన కలిసి ఒకటే వాసనగా మా మంచం దాకా వచ్చేవి. తాతయ్య వీధి అరుగు మీద కూర్చుని, కళ్ళజోడు ముక్కు కొసకు జార్చి, పంచాంగంలో ఆ రోజు తిథీ నక్షత్రమూ పైకి చదివేవాడు. ఎవరూ వినకపోయినా చదివేవాడు. చదవనిదే రోజు మొదలు కానట్టు.

ఇంత దగ్గర ఉండీ మేము సముద్రాన్ని ముట్టుకునేవాళ్ళం కాదు. ఈ మాట మైత్రికి చెబితే నమ్మలేదు. సముద్రాన్ని చూసి దణ్ణం పెట్టవచ్చు గాని, పర్వదినం కానిరోజు దాన్ని తాకకూడదన్నది మా పెద్దలు గట్టిగా పట్టుకున్న నియమం. ఏడాదికి నాలుగు పౌర్ణములు స్నానానికి మంచివి. ఆషాఢం, కార్తీకం, మాఘం, వైశాఖం. ఆకామావై అని నాలుగు వేళ్ళ మీద తాతయ్య నేర్పాడు. ఆ రోజుల్లో ఊరంతా బళ్ళు కట్టుకుని మంగినపూడి ఒడ్డుకు పోయేది. మిగిలిన రోజుల్లో సముద్రం ఎటుందో తెలిసినా అటు వెళ్ళే పని లేదు. పిన్ని మాత్రం సాయంకాలం డాబా మీద బట్టలు తీసే వంకతో తూర్పు గోడ పక్కన నిలబడేది. అలల చప్పుడు వినబడుతోందనేది. అంత దూరానికి వినబడే అవకాశం లేదని నాకు అప్పుడే అనుమానం. ఆమె మొహం చూస్తే మాత్రం వినబడుతున్నట్టే ఉండేది.

ఆమె ఒక్కసారి కూడా ఆ స్నానం చేయలేదు. చిన్నప్పుడు ఉబ్బసం ఉండేదని నీళ్ళలోకి దించలేదు. ఉబ్బసం తగ్గి, పెద్దమనిషి అయ్యాక, ఏ పౌర్ణమి వచ్చినా ఆమె బయట కూర్చునే రోజుల్లోనే పడేది. పెరటి వసారాలో చాప మీద ఒక్కతే, విడిగా పెట్టిన చెంబుతో, బళ్ళు వీధి దాటిపోయే గంటల చప్పుడు వింటూ. అలా ఎన్ని పౌర్ణములు పోయాయో. చివరికి పెళ్ళి కుదిరింది, ఖమ్మం సంబంధం, ఫాల్గుణంలో ముహూర్తం. ఖమ్మానికి సముద్రం ఎంత దూరమో తాతయ్యను అడిగింది.  పెళ్ళికి ముందు మిగిలింది మాఘ పౌర్ణమి ఒక్కటే. ఆ నెల రోజులూ లెక్క పెట్టుకుని, ఈసారి స్నానం తప్పిపోదని తేల్చుకుంది. పులిహోర కలిపి, మార్చుకునే బట్టలు మూట కట్టి, పసుపు కుంకం పొట్లాలు కొంగున ముడివేసుకుని, చీకటుండగానే బండిలో నా పక్కన కూర్చుంది. ఎద్దుల మెడ గంటలు మోగాయి. ఆమె చెయ్యి నా చెయ్యి మీద ఉంది. వేడిగా.

అప్పుడే వీధి చివర సైకిల్ మీద ఒక మనిషి కనబడ్డాడు. చెప్పులు లేవు, తలకి తువాలు చుట్టి ఉంది, దిగకుండానే మా ఇంటివైపు చూస్తున్నాడు. ముందుగా చూసింది అమ్మమ్మ. అలాంటి రాక ఆమెకు తెలుసు. గబగబా బండి దగ్గరకు వచ్చి, పోనీవోయ్, ఎండెక్కుతుంది అని బండివాడిని తొందరపెట్టింది. బండి కదలబోయింది కూడా. తాతయ్య అరుగు దిగి వచ్చి ఆపమన్నాడు. ఆ మనిషిని దగ్గరకు పిలిచి, ఏమిటి కబురు అని అందరూ వినేలా అడిగాడు. ఘంటసాలలో తాతయ్య పెదనాన్న కొడుకు పోయాడు. ఇంటిపేరు వాళ్ళు కనక ఇంటిల్లిపాదికీ పదిరోజులు మైల, పర్వస్నానం లేదు. పిన్ని బండి దిగింది. అమ్మమ్మ ఏడవలేదు గాని ఆ రోజు తాతయ్యతో మాట్లాడలేదు. మధ్యాహ్నం నేనే తాతయ్య దగ్గరకు వెళ్ళి అడిగాను, ఆ మనిషి మనం వెళ్ళాక వచ్చి ఉంటే ఏమయ్యేదని. వినని వాళ్ళకి మైల లేదు, విన్నాక విననట్టు ఉండడం మనవల్ల కాదు, అన్నాడు. ఆయన మొహంలో కోపం గాని బాధ గాని కనబడలేదు. లెక్క సరిపోయిన మనిషి మొహం అది. నేను ఆ మొహాన్ని గౌరవించాను. తర్వాత ఉద్యోగంలో చాలాసార్లు ఆ మొహమే పెట్టుకున్నాను.

నేను కూతురి కూతురిని, ఇంటిపేరు వేరు, నాకు మైల లేదు. అందుకని తాతయ్య నన్ను దిగనివ్వలేదు. నీకు అడ్డులేదు, వెళ్ళి రా, అని ఎదురింటివాళ్ళతో పంపాడు. మంగినపూడిలో నల్లటి గట్టి ఇసుక, వేలమంది జనం, ఎవరో ఇద్దరు నా రెక్కలు పట్టుకుని ముంచారు. ముక్కులోకి నీళ్ళు పోయి ఏడ్చాను. తిరిగి వచ్చేసరికి పిన్ని గుమ్మంలో నిలబడి ఉంది. మైలలో ఉంది కనక నన్ను ముట్టుకోలేదు. తడి పరికిణీ దండెం మీద వేస్తుంటే దగ్గరకు వచ్చి, చేతులు వెనక్కి కట్టుకుని, దాని అంచు దగ్గర మొహం పెట్టి వాసన చూసింది. ఎలా ఉంటుంది లోపల, అని అడిగింది. చల్లగా ఉంది, ఉప్పగా ఉంది, కాళ్ళ కింద ఇసుక జారిపోతుంది అని చెప్పాను. ఇసుక జారిపోవడం గురించి మళ్ళీ మళ్ళీ చెప్పించుకుంది. ఎంతసేపు జారుతుంది, ఎటు జారుతుంది, భయం వేస్తుందా అని.

తర్వాత ఆమెకు ఖమ్మం, పెద్ద ఉమ్మడి కాపురం, పిల్లలు, చివరికి అమెరికా. న్యూజెర్సీలో ఉంటే సముద్రం అందుబాటులోనే కదా అనుకుంటాం. శంకరం మంచి కొడుకు, వేసవిలో తల్లిని తీసుకెళ్ళేవాడు కూడా. కాని వాడికి కుదిరేది శనివారాలు. పౌర్ణమి శనివారం చూసుకుని రాదు. ఒకటి రెండుసార్లు వచ్చినా ఆ రోజు వాన, లేదా వాడికి ఆఫీసులో సాఫ్ట్‌వేర్ రిలీజు. ఆమె మడతకుర్చీలో గొడుగు కింద కూర్చుని, చెప్పులు కూడా విప్పకుండా, అలలను చూసి వచ్చేసేది. ఆ మాత్రం తడిస్తే ఏమవుతుందమ్మా అనేవాడట. ఏమీ కాదురా, నాకు కావలసింది తడవడం కాదు, అని ఆమె జవాబు.

అందుకే మా అమ్మాయి సుధ, మైత్రి కాలేజీ పూర్తయిన సందర్భంగా ఈ ప్రయాణం బుక్ చేశానని తేదీలు చెప్పినప్పుడు నేను మొదట చూసింది గోడ మీది క్యాలెండర్. ఆషాఢ పౌర్ణమి, బుధవారం, మేము సముద్రం ఒడ్డున ఉండే చివరి రోజు. పార్సిప్పనీకి ఫోన్ చేసి పిన్నికి చెప్పాను.   "మోకాళ్ళ నొప్పులని మీ తమ్ముడు శంకరానికి చెప్పకు. టికెట్టు తియ్యమను" అంది.

ఒడ్డున ఉన్న ఊరి పేరు ఎస్తర్తిత్, స్పెయిన్‌లో కటలాన్ మాట్లాడే ప్రాంతంలో అది సెలవుల ఊరు. పొడుగాటి మెత్తని ఇసుక, దానివెంట హోటళ్ళు, ఐస్‌క్రీం కొట్లు, రబ్బరు తెప్పలు వేలాడదీసిన దుకాణాలు. ఎదురుగా సముద్రంలో చిన్న చిన్న రాతి దీవులు, పొద్దున్న పొగమంచులో నీళ్ళ మీద తేలుతున్నట్టు ఉండేవి. మధ్యాహ్నానికి ఇసుక కనబడనంత జనం, అన్ని భాషల కేకలు, కొబ్బరినూనె లాంటి ఏదో నూనె వాసన. మా బాల్కనీలో పిన్ని రోజంతా కుర్చీ వేసుకుని కూర్చునేది. ఎంతసేపు చూసినా ఆమెకు ఆ దృశ్యం పాతబడలేదు. చిన్నపిల్లలు ఏ తిథీ లేకుండా పరిగెత్తుకుంటూ పోయి అలల్లో పడుతుంటే నవ్వేది. మైత్రి కిందకు రమ్మని రోజూ పిలిచింది. బుధవారం వస్తానమ్మడూ అని రోజూ జవాబు.

బుధవారం తెల్లవారకముందే లేచి వెళ్ళాం. పిన్ని నేతచీర కట్టుకుని, చేతిలో ఒక నాణెం, హోటల్ తోటలోంచి మైత్రి కోసి తెచ్చిన రెండు పూలు పట్టుకుంది. ఇసుక ఇంకా చల్లగా ఉంది. సుధ తువాళ్ళు మోసుకొచ్చింది. నీళ్ళు ఇంకో నాలుగు అడుగులు ఉన్నాయనగా నాకు తట్టింది. నేను చూసి వచ్చింది అరోరా క్యాలెండర్. అరోరాలో అప్పటికి ఇంకా మంగళవారం రాత్రి. వాళ్ళకి బుధవారం తెల్లవారే వేళకు పౌర్ణమి వస్తుంది గాని, ఇక్కడ అది వచ్చేసరికి పొద్దు బాగా ఎక్కుతుంది. సూర్యోదయానికి ఉన్న తిథే ఆ రోజు తిథి. నా ముందు సూర్యుడు దీవుల వెనక లేస్తున్నాడు, తిథి చతుర్దశి. ఊరు మారితే సూర్యోదయం మారుతుందని అందరికీ చెప్పేదాన్ని నేనే. చెప్పాను. మైత్రి నన్నూ పిన్నినీ మార్చి మార్చి చూసింది. "అమ్మమ్మా, లైక్, కొన్ని అవర్సే కదా డిఫరెన్స్. సముద్రం ఇక్కడే ఉంది" అంది. పిన్ని నా మీద కోప్పడలేదు. "చతుర్దశి నాడు దిగడానికేనా ఇన్నాళ్ళు ఆగింది" అని, పూలు పమిటలో చుట్టుకుని వెనక్కి తిరిగింది. గురువారం సూర్యోదయానికి పౌర్ణమి ఉంటుంది, పొద్దెక్కేదాకా ఉంటుంది. కాని గదులు ఖాళీ చేసి లోపలి ఊరికి వెళ్ళాల్సింది ఆ బుధవారం మధ్యాహ్నమే. రేపు పొద్దున్నే నేను డ్రైవ్ చేసి తీసుకొస్తాను తాతమ్మా, ఇట్స్ లైక్ టెన్ మినిట్స్, అంది మైత్రి. అలా ఆ వరి పొలాల దారిన వెళ్ళాం.

లోపలి ఊరు తొరుయెల్యా. దాని వెనక బోడి రాతికొండ, కొండ మీద లోపల ఏమీ లేని కోట, గోడలు మాత్రమే. అంత పెద్ద గుంపు నుంచి కాసేపటి ప్రయాణంలో అంత నిశ్శబ్దంలోకి రావడం చెవులకి వింతగా ఉంది. తేనెరంగు రాతి ఇళ్ళు, మనిషి చేతులు చాస్తే రెండు గోడలూ అందుతాయనిపించే సందులు, గుడి గంట, రొట్టెల కొట్టు ముందు పిల్లి. మేము దిగిన ఇంట్లో గోడలు ఎంత మందమో, కిటికీ గట్టు మీద పిన్ని కాళ్ళు ముడుచుకుని కూర్చోగలిగింది. లోపల సున్నం, పాత చెక్క, చల్లటి రాయి వాసన. ఉప్పు డబ్బా మూత తీసి చూశాను. చెమ్మగా గడ్డకట్టి ఉంది. సాయంకాలం ఎండ సందులోంచి పోగానే ఆడవాళ్ళు ఎవరి కుర్చీ వాళ్ళు తెచ్చుకుని గుమ్మాల ముందు కూర్చున్నారు. ఇల్లు అద్దెకిచ్చిన మా ఇంటావిడ మాకూ రెండు కుర్చీలు వేసింది. మైత్రి బడిలో నేర్చుకున్న స్పానిష్‌తో మధ్యవర్తిత్వం చేసింది. ఎస్తర్తిత్ ఒకప్పుడు తమ ఊరికి శివారు, పడవలవాళ్ళ పల్లె అని ఆవిడ చెప్పింది. వేసవిలో తాము అటువైపే పోరట. బయటివాళ్ళంతా వెళ్ళిపోయాక సెప్టెంబరులో ఒకరోజు వెళ్ళి కాళ్ళు తడుపుకుని వస్తారట. పిన్ని అది విని ఎంతో సంతోషపడింది. "చూశావా, వీళ్ళకీ ఒక లెక్క ఉంది" అంది.

ఆ సందులో కూర్చుని ఉంటే నాకు బందరు వీధి అరుగు, దాని మీద తాతయ్య కనబడ్డాడు. ఇంట్లో ఎవరు ఏది ఎప్పుడు ముట్టుకోవాలో, ఎవరు ఎన్ని రోజులు విడిగా ఉండాలో అంతా రాసిపెట్టినట్టు ఉండేది ఆ రోజుల్లో. దానివల్ల మాకు అన్నీ అరుదుగా దొరికేవి, దొరికినవి బాగా గుర్తుండేవి. మైత్రికి అన్నీ దొరుకుతాయి, ఏదీ ఆగమనదు. ఏది మేలో తేల్చమంటే ఒకప్పుడు వెంటనే తేల్చేదాన్ని. కాని ఆ నాలుగు పౌర్ణముల మహిమ నిలబడడానికి పెరటి వసారాలో చాప మీద కూర్చున్నది నేను కాదు. నేను స్నానం చేసినదాన్ని. ఆ వ్యవస్థ గొప్పదో కాదో చెప్పాలంటే పిన్నిని అడగాలి. ఆమె ఆ సమయంలో మా ఇంటావిడ ఇచ్చిన బాదం పలుకులు ఒక్కొక్కటే నములుతూ, కొండ మీద కోట గులాబీరంగులోకి మారడం చూస్తోంది.

గురువారం వేకువన నేను కాఫీ పెడుతుండగా ఫోన్ మోగింది. శంకరం. పార్సిప్పనీలో వాళ్ళకి అది బుధవారం రాత్రి. "అక్కా, ఖమ్మం పెదనాన్న పోయారట, ఇప్పుడే ఫోన్ వచ్చింది. అమ్మకి నువ్వే మెల్లిగా చెప్పు" అన్నాడు. పిన్ని భర్తకి సొంత అన్నగారు ఆయన, తొంభై దాటినవాడు. పిన్నికి పూర్తిగా పదిరోజులు. నాకు ఏమీ లేదు. అమ్మ స్నానం నిన్ననే అయిపోయింది కదా అని అడిగాడు. కాలేదు, ఇప్పుడు బయల్దేరుతున్నాం అన్నాను.  "నువ్వెలా అంటే అలాగే అక్కా" అని పెట్టేశాడు.

పిన్ని నిన్నటి నేతచీరే కట్టుకుని, పూలు తడిగుడ్డలోంచి తీస్తూ, ఎవరే ఫోను అంది. శంకరం, స్నానం గురించి అడిగాడు అన్నాను. అందులో అబద్ధం ఒక్క ముక్క లేదు. కాని అలా ఒక మాట చెప్పి ఇంకో మాట లోపల ఉంచుకోవడం నాకు చేతకాని పని. సుధని లేపలేదు. కారులో పిన్ని ముందు సీట్లో, నేను వెనక. పొలాల మీద మంచు తెల్లగా పరుచుకుని ఉంది, అందులోంచి కొంగలు లేచి ఏ చప్పుడూ లేకుండా పోతున్నాయి. పిన్ని ఏదో కూనిరాగం తీస్తోంది. విన్నాక విననట్టు ఉండడం మనవల్ల కాదు అన్న మాట నా నోట్లో గింజలా ఉంది. చెప్పేస్తే కారు వెనక్కి తిప్పాలి. వచ్చేది కార్తీకం, ఆ తర్వాత మాఘం, అప్పుడు న్యూజెర్సీ నీళ్ళలో ఎనభై దాటిన మనిషిని ఎవరు దించుతారు. అయినా విన్నది నేను, ఆమె కాదు. ఆమె విననంతవరకూ ఆమెకి లేదు. అది కూడా తాతయ్య చెప్పిన లెక్కే. ఆయన గట్టిగా అడిగి అందరికీ వినిపించాడు. అమ్మమ్మ బండివాడిని తొందరపెట్టింది. ఇద్దరికీ ఆ లెక్క తెలుసు. ఇన్నేళ్ళూ నాకు ఒక్కరి లెక్కే కనబడింది.

ఒడ్డు ఖాళీగా ఉంది. నీళ్ళు నూనెలా కదలకుండా, దీవుల చుట్టూ సన్నని వెలుతురు. ఒకపక్క మైత్రి, ఒకపక్క నేను పట్టుకుని దించాం. మొదటి అల పాదాలు దాటి వెనక్కి పోతుండగా పిన్ని ఆగిపోయి కిందకి చూసింది. కాళ్ళ కింద ఇసుక పోతోంది. చాలాసేపు అలాగే నిలబడింది, అల తర్వాత అల. మేమూ ఆగాం. నడుం లోతుకు వచ్చాక సంకల్పం చెప్పమంది. అమెరికాలో మా పూజారిగారు సంకల్పంలో మేమున్న చోటుని క్రౌంచ ద్వీపమని చెబుతారు. ఈ ఒడ్డు ఏ ద్వీపం కిందకి వస్తుందో, మేరువుకి ఏ దిక్కో నాకు తెలియదు. తెలియనిది చెప్పను కనక ఆలోచిస్తూ నిలబడ్డాను. "ఏదో ఒక ద్వీపం చెప్పవే తల్లీ, నీళ్ళు చల్లగా ఉన్నాయి" అంది. ఎదురుగా కనబడుతున్న దీవుల పక్కన అని తెలుగులోనే చెప్పేశాను. నాణెం వేసింది, పూలు వదిలింది. ముక్కు పట్టుకుని మూడుసార్లు మునిగింది. మూడోసారి లేచినప్పుడు నెరిసిన జుట్టంతా మొహానికి అంటుకుని, వయసు ఏమిటో చెప్పలేని మనిషిలా ఉంది.

మైత్రి చెయ్యి అందించి ఒడ్డుకి తిప్పబోయింది. నేను ఆపాను.

"పిన్నీ, ఇంకొక్క మునక వెయ్యాలి."

"మూడూ అయ్యాయి కదే."

"మీ పెద్దబావగారు పోయారు. పొద్దున్న ఫోన్ అదే."

చావు కబురు విన్న వెంటనే తల మునిగేలా స్నానం చేయాలి, ఆ తర్వాతే పదిరోజులూ మొదలు. అది ఆమెకు నేను చెప్పక్కర్లేదు. గడ్డం మీంచి నీళ్ళు కారుతుండగా నన్ను చూసింది. పొద్దున్నే విన్నావా అంది. విన్నానన్నాను. ఇప్పుడు చెబుతున్నావు అంది. ఇప్పుడే చెబుతున్నాను అన్నాను. ఒక చిన్న అల వచ్చి ఇద్దరినీ కొంచెం పక్కకు జరిపింది. ఆమె కళ్ళు నిండాయో, ఉప్పునీళ్ళో తెలియలేదు. "ముప్పై ఏళ్ళు వడ్డించాను. ఒక్కనాడు ఉప్పు తక్కువైందని అనలేదు మహానుభావుడు" అంది. మళ్ళీ ముక్కు పట్టుకుంది. ఆ మునక మిగతావాటికంటే ఎక్కువసేపు సాగింది. మైత్రి కంగారుపడి వంగేలోగా లేచింది.

"డన్ కదా తాతమ్మా, వెళ్దామా" అంది మైత్రి. పిన్ని కదల్లేదు. సూర్యుడు దీవుల మీదకి పూర్తిగా వచ్చాడు. నీళ్ళ మీద వెలుగు ఆమె దాకా దారిలా పరుచుకుని ఉంది.

"ఇప్పుడు నేను మైలలో ఉన్నాను" అంది నావైపు తిరిగి, పద్దు అడిగినట్టు. "ఇక నాకు పర్వమూ లేదు, పుణ్యమూ లేదు. అంతేనా?"

అంతే అన్నాను. లెక్క ప్రకారం అంతే.

"అయితే ఇది ఊరికే" అని, ఈసారి ముక్కు పట్టుకోకుండా, మా ఇద్దరి చేతులూ వదిలించుకుని, ఎస్తర్తిత్ పిల్లలు పడినట్టు ముందుకి పడింది.